ఇంటిపేరు వెతుక్కుంటూ బాడెన్‌కి

మా నాన్న పనిచేసిన సబ్‌స్టేషన్‌లో ఒక బ్రేకర్‌కి చిన్న రేకు బిళ్ల ఉండేది. మామూలు రోజుల్లో నన్ను యార్డు ఫెన్సింగు దాటనిచ్చేవాడు కాదు. క్యారేజీ అందించి కంట్రోల్ రూమ్ మెట్ల మీద కూర్చోవడమే నా పని. ఒక్క రోజు మాత్రం, ఎల్‌సీ తీసుకుని, అంటే లైనులో కరెంటు ఆపించి, ఆ బ్రేకర్‌కి నూనె మారుస్తుంటే, చెయ్యి గట్టిగా పట్టుకుని కంకర మీద నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. పాత నూనె మసిగా, నల్లగా డబ్బాలోకి దిగుతోంది. సరిగ్గా నా కళ్ల ఎత్తుకి ఆ బిళ్ల. అప్పుడప్పుడే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్న వయసు. హిందుస్తాన్... బ్రౌన్... బోవెరీ. మొదటి మాట తెలుసు. మిగతా రెండూ?

“మనుషుల పేర్లురా. ఎవరో ఇద్దరు దొరలు,” అన్నాడు నాన్న. అంతకు మించి ఆయనకీ తెలియదు. కానీ ఆ బ్రేకర్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం “బోవెరీ ట్రిప్పయింది”, “బోవెరీకి నూనె చూడాలి” అనేవాడు, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు.

నలభై ఏళ్లకి పైగా గడిచాక మా మేనల్లుడు జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తూ మూడు వారాలు ఉండి వెళ్లమని పిలిచాడు. మంచు కొండలకి రైలు టికెట్లు ముందే కొనిపెట్టాడు. “వాటికంటే ముందు బాడెన్ వెళ్లొస్తాను” అంటే వాడికి అర్థం కాలేదు. “అక్కడేముంది మావయ్యా? వేడినీళ్ల స్నానాలు తప్ప?” అన్నాడు. బిళ్ల సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, “అయితే ముందు ఓర్లికోన్‌లో దిగుదాం, నాకూ ఒకటి చూపించాల్సింది ఉంది,” అన్నాడు.

ఓర్లికోన్ జ్యూరిక్‌కి ఆనుకుని ఉన్న పేట. స్టేషన్ పక్కనే 80 మీటర్ల పొడవున్న పాత ఇటుక భవనం. 1889లో కట్టింది. ఓర్లికోన్ యంత్రాల కర్మాగారానికి ఇది ఆఫీసు. రైలు పట్టాలు పెంచడానికి చోటు కావలసివస్తే కూల్చకుండా, 2012లో మొత్తం భవనాన్ని, 6,200 టన్నుల బరువుని, పట్టాల మీద పెట్టి 60 మీటర్లు పక్కకి జరిపారు. భవనం చెక్కుచెదరలేదు. నేను వెతుకుతున్న ఇద్దరిలో మొదటివాడు, చార్లెస్ బ్రౌన్, ఈ కర్మాగారంలోనే ఎలక్ట్రికల్ విభాగానికి పెద్ద. ఇరవైలు దాటని కుర్రాడు అప్పటికి. రెండోవాడు వాల్టర్ బోవెరీ, జర్మనీలోని బాంబెర్గ్ నుంచి పని నేర్చుకోవడానికి వచ్చినవాడు, ఇక్కడే అతనికి తోడయ్యాడు.

బ్రౌన్ పేరు లోకానికి తెలిసింది 1891లో. జర్మనీలో నెకర్ నది ఒడ్డున లాఫెన్ అనే చిన్న ఊరు. అక్కడ నీటితో తిప్పిన జనరేటర్ నుంచి 175 కిలోమీటర్ల అవతల ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకి మూడు ఫేజుల కరెంటు పంపారు. జనరేటర్ బ్రౌన్‌ది. ఏఇజి సంస్థ తరఫున డొలివో-డొబ్రొవోల్స్కీ అనే రష్యన్ ఇంజినీరు చేయి కలిపాడు. అంత దూరం కరెంటు పంపితే దారిలోనే ఆవిరైపోతుందని చాలామంది పెద్దలు తేల్చేసిన రోజులవి. నాలుగింట మూడొంతులు అవతలికి చేరింది. వెయ్యి బల్బులు వెలిగాయి, ఒక కృత్రిమ జలపాతం దూకింది. అంత వోల్టేజికి తట్టుకోవడానికి బ్రౌన్ ట్రాన్స్‌ఫార్మర్లని నూనెలో ముంచాడు. ఆ వాక్యం ఎక్కడో చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నాన్న చొక్కాకి జీవితమంతా అంటుకున్న వాసన మొదలైంది ఈయన చేతిలో అన్నమాట.

ఆ గెలుపు వచ్చిన ఏడాదే, 1891 అక్టోబరులో, ఇద్దరూ ఓర్లికోన్ వదిలేసి బాడెన్‌లో సొంత దుకాణం పెట్టారు. పెట్టుబడి బోవెరీ మామగారు, జ్యూరిక్ పట్టు వ్యాపారి, ఇచ్చాడు.

మేం ఎక్కిన లోకల్ రైలు వెళ్లేది పూర్తిగా స్విట్జర్లాండ్ లోపలే వేసిన మొట్టమొదటి రైలు దారిలోనే. 1847లో జ్యూరిక్ నుంచి బాడెన్‌కి వేశారు. బాడెన్‌లో చేసే ఒక రకం పొరల రొట్టె జ్యూరిక్ షావుకార్లకి పొద్దున్నే అందేదిట ఆ రైల్లో. అందుకని రొట్టె రైలు అని పేరు. లిమ్మాట్ నది లోతుగా మలుపు తిరిగిన చోట ఊరు. రోమన్ల కాలం నుంచీ గంధకపు వేడినీటి ఊటలు. నీళ్లు 47 డిగ్రీల వేడితో పైకి వస్తాయి. ఇలాంటి స్నానాల ఊరికి ఫ్యాక్టరీ ఎందుకు అంటే, అప్పు వల్ల. 1870ల్లో కొన్ని పట్టణాలు కలిసి పెద్ద రైల్వే కంపెనీలకి పోటీగా ఒక రైలు మార్గం వేయించాయి, దానికి హామీగా నిలబడ్డాయి. 1878లో అది దివాళా తీసింది. హామీ ఉన్న పాపానికి బాడెన్ నెత్తిన కొన్ని దశాబ్దాల అప్పు పడింది. స్నానాలకి వచ్చే ధనవంతులతో తీరే అప్పు కాదది. అందుకే ఈ ఇద్దరు కుర్రాళ్లకి ఊరు తలుపులు తీసింది. 1892కల్లా ఊరికి కరెంటు వచ్చింది, తొలి పనుల్లో అదొకటి.

స్టేషన్‌కి ఉత్తరాన దిగితే బ్రౌన్ బోవెరీ పేరుతోనే వీధి ఉంది, చదరపు మైదానం ఉంది. నేను బోర్డు దగ్గర ఆగి చదువుకున్నాను, మళ్లీ కూడబలుక్కుంటూ. ఆ మాటల ముందు హిందుస్తాన్ లేకుండా చూడటం అదే మొదలు.

ఇక్కడున్నదంతా ఒకప్పుడు కార్ఖానా. ఇప్పుడు ఆఫీసులు, ఇళ్లు, చెట్లు. ట్రాన్స్‌ఫార్మర్లు చేసిన హాలు పేరు ఇప్పటికీ ట్రాఫోనే, కానీ లోపల సినిమా హాళ్లు, సభలు జరిగే గదులు. దగ్గర్లోనే బ్రౌన్ తమ్ముడు సిడ్నీ కట్టుకున్న లాంగ్‌మాట్ అనే బంగళా ఉంది. రెన్వార్, సెజాన్ బొమ్మలు కొని గోడలకి తగిలించుకున్న కుటుంబం. అది మ్యూజియం అయింది. నేను లోపలికి వెళ్లలేదు. నాకు ఆ రోజు బొమ్మల మీద మనసు లేదు.

ట్రాఫో పక్కన కాఫీ దుకాణంలో మా బల్లకి ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎనభై దగ్గరుండొచ్చు. మేనల్లుడు జర్మన్‌లో మాట కలిపాడు. ఇండియాలో మా నాన్న బోవెరీ బ్రేకర్ దగ్గర పనిచేశాడని చెప్పగానే ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పదహారో ఏట పని నేర్చుకోవడానికి చేరాడట. వాళ్ల నాన్నదీ అదే గేటు. తాను చేసింది వైండింగ్. ఊళ్లో ఎవరూ పూర్తి పేరు అనరు, బే బే ట్సే అంటారు. మూడు అక్షరాలు, వాళ్ల ఉచ్చారణలో.

వైండింగ్ అంటే ఏం చేసేవారని అడిగాను. మాటల్లో చెప్పలేదు. కాగితం రుమాలుని సన్నగా నిలువునా చించాడు. నా పెన్ను తీసుకుని దాని చుట్టూ ఏటవాలుగా చుట్టడం మొదలుపెట్టాడు, ప్రతి చుట్టూ కింది చుట్టు మీద సగం పడేలా. బొటనవేలితో నొక్కి, లాగి, మళ్లీ నొక్కి. ఎక్కడా ముడత లేదు. చివరికి వచ్చాక కళ్లు మూసుకుని చూపుడువేలు దాని మీద పైనుంచి కిందికి రాశాడు, నన్నూ అలాగే రాయమన్నాడు. “తప్పు కంటికి దొరకదు, వేలికి దొరుకుతుంది,” అన్నాడని మేనల్లుడు చెప్పాడు. ఇంట్లో వైరు తెగితే నాన్న టేపు చుట్టేది సరిగ్గా ఇలాగే, సగం మీద సగం. నేను తొందరపడి అడ్డదిడ్డంగా చుడితే ఊడదీయించి మళ్లీ చుట్టించేవాడు.

1987 ఆగస్టు 10 గురించి అడగాలా వద్దా అని తటపటాయించాను. ఆయనే చెప్పాడు. ఆ రోజు రేడియోలో విన్నారట. స్వీడన్‌లోని అసెయా కంపెనీ, బ్రౌన్ బోవెరీ, రెండూ సగం సగంగా కలిసిపోతున్నాయని. కంపెనీలో వేలమందికి అప్పటిదాకా చూచాయగా కూడా తెలియదు. “పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఒక కంపెనీ, సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంకో కంపెనీ,” అన్నాడాయన. అంతకు మించి ఫిర్యాదు చేయలేదు. చుట్టిన పెన్ను నాకు తిరిగి ఇచ్చాడు. దాన్ని నేను విప్పలేదు.

కలవడానికి కారణాలు ఏ ఆర్థిక పత్రికలోనైనా దొరుకుతాయి. 70ల చమురు సంక్షోభం తర్వాత కొత్త విద్యుత్ కేంద్రాల ఆర్డర్లు తగ్గాయి. 1986 చెర్నోబిల్ తర్వాత అణు కేంద్రాల పనీ ఆగింది. యూరప్‌లో ఇలాంటి బరువు యంత్రాలు చేసే కర్మాగారాలు అవసరానికి మించి ఉన్నాయి. బ్రౌన్ బోవెరీ చేసే వస్తువు మేలైనది, లాభం మాత్రం సన్నగిల్లింది. అసెయాని 1980 నుంచి పెర్సీ బార్నెవిక్ నడుపుతున్నాడు, దూకుడు మనిషి. 1988 జనవరి 5న కొత్త కంపెనీ పని మొదలుపెట్టింది. సుమారు లక్షా 60 వేలమంది ఉద్యోగులు. ప్రధాన కార్యాలయం స్వీడన్‌లోనూ కాదు, బాడెన్‌లోనూ కాదు, జ్యూరిక్‌లో. అదీ ఓర్లికోన్‌లో, బ్రౌన్ వదిలేసి వచ్చిన పేటలోనే. ఆయన విడిచి వచ్చిన ఆ పాత కర్మాగారాన్ని కూడా 1967లోనే బ్రౌన్ బోవెరీ తనలో కలుపుకుంది. వ్యాపార భాష ఇంగ్లీషు అయింది. స్వీడిష్ వాళ్లకీ స్విస్ వాళ్లకీ పరాయి భాషే.

పేరు అసెయా బ్రౌన్ బోవెరీ. కొద్ది కాలానికే ఏబీబీ. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. తరాలు గడిచేకొద్దీ అది కుదించుకుపోయి పొడి అక్షరంగా మిగులుతుంది. ఆ అక్షరం వెనక ఏ ఊరో, ఏ పొలమో, ఏ తాతో మనవళ్లకి తెలియదు. బ్రౌన్, బోవెరీ ఇద్దరూ 1924లో, ఒకే ఏడాది, పోయారు. అరవై నాలుగేళ్లకి చెరొక పొడి అక్షరం అయ్యారు. మన దేశంలోనూ అదే జరిగింది. 1949లో పుట్టిన ఒక ఎలక్ట్రిక్ కంపెనీ 1965లో హిందుస్తాన్ బ్రౌన్ బోవెరీ అయింది, బరోడాలో పెద్ద కార్ఖానా. 1989లో ఆ పేరూ పోయింది. మా నాన్న బ్రేకర్ మీది రేకు మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అలాగే ఉంది.

విలీనం రెండో సగం చూడకపోతే ఒక పక్షం బంధువుల మాటే విని వచ్చినట్టవుతుందనిపించింది. స్టాక్‌హోమ్‌కి విమానం, అక్కడి నుంచి గంట రైలు. మేనల్లుడికి సెలవు దొరకలేదు, ఒక్కడినే వెళ్లాను. వెస్టెరోస్ మేలారెన్ సరస్సు ఒడ్డున చదునైన ఊరు. నడుమ స్వార్టోన్ నది. స్టేషన్ దాటగానే ఎర్ర ఇటుక కార్ఖానాలు మొదలవుతాయి. మీమర్ అనే పాత వర్క్‌షాపులో ఇప్పుడు చిత్రకళా మ్యూజియం. ఇక్కడా అదే కథ అనుకున్నాను. కాదు, బాడెన్ కంటే ఈ ఊరు ఇప్పటికీ ఎక్కువ పనిలో ఉంది. లారీలు కదులుతున్నాయి, మెడలో కార్డు వేలాడేసుకున్న మనుషులు కనిపిస్తున్నారు.

అసెయా పుట్టిందే విలీనంతో. 1883లో లుడ్విగ్ ఫ్రెడ్‌హోమ్ స్టాక్‌హోమ్‌లో పెట్టిన కంపెనీ, వెన్‌స్ట్రోమ్ సోదరుల తరఫు కంపెనీ, 1890లో కలిశాయి. యోనాస్ వెన్‌స్ట్రోమ్ అనే ఇంజినీరు, బ్రౌన్‌తో సంబంధం లేకుండా, తనంతట తాను మూడు ఫేజుల పద్ధతికి చేరుకున్నాడు. 1893లో హెల్‌షోన్ జలపాతం నుంచి గ్రెంగెస్‌బెర్గ్ ఇనుప గనులకి కరెంటు పంపారు. ఆ ఏడాదే ఆయన పోయాడు, 38 ఏళ్లకి. ఒకే కాలంలో ఒకరినొకరు ఎరగకుండా ఒకే లెక్క చేసిన ఇద్దరు మనుషుల కంపెనీలు శతాబ్దం తిరిగేలోపు ఒకటయ్యాయి. బాలెన్స్ షీట్లలో ఈ మాట దొరకదు, కానీ నాకు ఈ విలీనంలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

అసెయా పాత గుర్తు చూసి ఆగిపోయాను. స్వస్తిక్. మన గుమ్మాల మీద పసుపుతో వేసే స్వస్తిక్, దాని చేతుల మధ్య నాలుగు అక్షరాలు. జర్మనీలో హిట్లర్ గద్దె ఎక్కిన 1933లో ఆ గుర్తుని కంపెనీ వదిలేసింది. ఆనాటి పెద్ద సిగ్‌ఫ్రిడ్ ఎడ్‌స్ట్రోమ్, తర్వాత అంతర్జాతీయ ఒలింపిక్ సంఘానికి అధ్యక్షుడు అయినాయన.

ఊరి పెద్ద చౌకులో కంచు విగ్రహాలు ఉన్నాయి. రాజులు కాదు, కంపెనీ యజమానులు కాదు. సైకిళ్ల మీద పనివాళ్లు, గుంపుగా, ఒకరి చక్రం ఇంకొకరికి తగిలేంత దగ్గరగా. శిల్పి బ్రోస్ట్రోమ్, 1989లో పెట్టారు. అంటే అసెయా ఇంటిపేరు మారిన మరుసటి ఏడాది. శిల్పం పేరు అసెయాస్ట్రోమెన్. స్వీడిష్‌లో స్ట్రోమ్ అంటే ఏరు, కరెంటు కూడా. అసెయా ప్రవాహం అనుకుందాం. షిఫ్టు మారే వేళ ఊరి వీధుల్లో నిజంగానే అలా ప్రవహించేవారట. నేను ఒక సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. చలికి కంచు మంచుముక్కలా ఉంది. నాన్న కూడా ముప్ఫై మూడేళ్లు సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లాడు. చౌకులో జనం తక్కువ. నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను, ఫోటోలు తీసుకున్నాను.

అసెయా చేసిన పనుల్లో మన తీరానికి నేరుగా చేరింది ఒకటుంది. 1954లో వాళ్లు స్వీడన్ తీరం నుంచి గోట్‌లాండ్ దీవికి సముద్రం అడుగున దాదాపు 100 కిలోమీటర్ల కేబుల్ వేసి, డీసీ కరెంటు పంపారు. 20 మెగావాట్లు. ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చే పాదరసపు వాల్వుల కోసం ఊనో లామ్ అనే ఇంజినీరు పాతికేళ్లు కూర్చున్నాడు. తర్వాతి తరం సరుకుని 1997లో పరీక్షించింది ఏబీబీ. ఎక్కడనుకున్నారు? హెల్‌షోన్ నుంచి గ్రెంగెస్‌బెర్గ్‌కి. వెన్‌స్ట్రోమ్ నడిచిన దారిలోనే.

మన విశాఖ గాజువాకలో ఉన్న డీసీ కేంద్రానిదీ ఆ వంశమే. అప్పట్లో దక్షిణాది గ్రిడ్డూ తూర్పు గ్రిడ్డూ వేరు వేరు లయలో నడిచేవి. అడుగు కలవని ఎడ్లని ఒకే కాడికి కడితే మెడలు విరుగుతాయి. ఒడిశా నుంచి కరెంటు రావాలంటే నేరుగా తీగ కలపకూడదు. ఒకే ఆవరణలో ఏసీని డీసీ చేసి, వెంటనే ఇవతల మన లయకి తగిన ఏసీ చేసి పంపాలి. 1999లో ఇక్కడ 500 మెగావాట్ల కేంద్రం ఒకటి వచ్చింది. 2005లో ఏబీబీ కట్టిన మరో 500 మెగావాట్లది జతపడింది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే లయకి వచ్చింది. ఆలోపు మన కోస్తాలో కోతలు తగ్గాయంటే అందులో ఆ భవనం పాలుంది. ఫిజిక్స్ పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకి ఎడ్ల పోలికే చెబుతాను. ఊళ్లలో ఎడ్లు తగ్గాక కొంత వివరించాల్సి వస్తోంది.

కలిసిన కంపెనీ మాటకొస్తే, బార్నెవిక్ దాన్ని 1,300 చిన్న కంపెనీలుగా, 5,000 లెక్కల గదులుగా విడగొట్టాడు. జ్యూరిక్ ఆఫీసులో రెండొందల మంది లోపే. బిజినెస్ స్కూళ్లు ఆయన్ని పాఠంగా చెప్పుకున్నాయి. బాడెన్ చుట్టుపక్కల వేల ఉద్యోగాలు పోయాయి. 1990లో అమెరికాలో కంబశ్చన్ ఇంజినీరింగ్ అనే బాయిలర్ల కంపెనీని కొన్నారు, 160 కోట్ల డాలర్లకి. దానితో పాటు ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చి జబ్బుపడిన పనివాళ్ల దావాలూ వచ్చాయి. 2002కల్లా ఏబీబీ మునిగే దశకి చేరింది. ఆ ఏడాదే బార్నెవిక్‌కి 14.8 కోట్ల ఫ్రాంకుల పింఛను ఇచ్చారని బయటపడింది. గోల రేగాక 9 కోట్లు తిరిగి ఇచ్చాడు. కంపెనీలు పెద్దవి కావడాన్ని నేను తప్పుపట్టను. కానీ నొప్పిని ఒక ఊరికీ, పింఛనుని ఒక మనిషికీ పంచే లెక్కని మాత్రం క్షమించలేను. వెస్టెరోస్‌లోనూ, బాడెన్‌లోనూ నిలబడి చూశాక ఇంకా క్షమించలేను.

ఆ తర్వాత కలిసినవి ఒక్కొక్కటే విడిపోయాయి. బాడెన్ గర్వం టర్బైన్లు. 1939లో న్యూషాటెల్‌లో ఊరికి కరెంటు ఇచ్చిన ప్రపంచపు మొదటి గ్యాస్ టర్బైన్, 4 మెగావాట్లది, వాళ్లదే. ఆ పని 2000లో ఫ్రాన్స్ కంపెనీ ఆల్‌స్తోమ్‌కి, 2015లో అమెరికా జీఈకి వెళ్లింది. గోట్‌లాండ్, గాజువాక చేసిన విభాగం 2020లో జపాన్‌కి చెందిన హిటాచీకి పోయింది. 1974లో అసెయా చేసిన తొలి రోబో, ఉక్కు గొట్టాలకి మెరుగు పెట్టిన చెయ్యి, దాని వారసుల్ని అమ్మడానికి 2025లో సాఫ్ట్‌బ్యాంక్‌తో ఒప్పందం కుదిరింది. ఏబీబీ మూడు అక్షరాలూ ఉన్నాయి, లాభాల్లోనూ ఉన్నాయి. బ్రౌన్ చేసిన పెద్ద ట్రాన్స్‌ఫార్మరూ, వెన్‌స్ట్రోమ్ లెక్కా ఇప్పుడు హిటాచీ ఇంట్లో ఉన్నాయి.

ఇంటికి వచ్చాక నాన్నకి ఫోటోలు చూపించాను. ఎనభై ఏడేళ్లు. కళ్లజోడు సర్దుకుని ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూశాడు. బ్రౌన్ బోవెరీ వీధి బోర్డు దగ్గర ఆగి, “వీళ్లేనా దొరలు,” అన్నాడు. పెన్నుకి చుట్టిన కాగితం ఇచ్చాను. కళ్లు మూసుకోలేదు గానీ, చూపుడువేలు మాత్రం పైనుంచి కిందికి రాశాడు. “బానే చుట్టాడు,” అన్నాడు.

కంచు సైకిళ్ల ఫోటో దగ్గర ఎక్కువసేపు ఆగాడు. వేళ్లతో పెద్దది చేసి ఒక్కొక్కరి మొహం చూశాడు.

“ఒరేయ్, వీళ్లు డ్యూటీ ఎక్కేవాళ్లా, దిగేవాళ్లా?”

నేను ఆ సంగతి అక్కడ ఆలోచించలేదు. తెలియదు నాన్నా అన్నాను. ఆయన మళ్లీ మొహాలు చూడటం మొదలుపెట్టాడు.